కింద ఎవరూ లేని ఎత్తు

చిక్కబళ్ళాపురంలో ఆ కళ్ళజోడు అమ్మినతను నన్ను అడిగిన మొదటి మాట, "మీ కంప్యూటరుకు వయసెంతమ్మా?" అని. పెళ్ళిచూపుల్లో నా వయసు కూడా ఎవరూ అంత సూటిగా అడగలేదు.

"పదేండ్లు ఉంటాదప్పా," అన్నాను.

అతను నవ్వలేదు. నవ్వి ఉంటే కోపం తెచ్చుకొని బస్సెక్కేసేదాన్ని. బస్టాండు దగ్గర అతను నడిపిన గేమ్ సెంటర్ మూతబడి, మిగిలిన సామాను అమ్ముకుంటున్నాడు. అందులో ఒక వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ ఉంది. తలకు బిగించుకుంటే గది మాయమైపోతుంది, ఎటు తల తిప్పితే అటు ఇంకో లోకం కనిపిస్తుంది. దాన్ని రెండు చేతులతో పట్టుకొని, పిల్లనిచ్చేముందు మామగారు చెప్పినట్టు నాకు జాగ్రత్తలు చెప్పాడు.

"దీంట్లో రేసు కారు తోలొచ్చు, దయ్యాల కొంపలో తిరగొచ్చు. విమానం మాత్రం వద్దమ్మా. కింద ఊర్లు, చెరువులు, కొండలు, పైన మబ్బులు, అన్నీ రెండు కండ్లకూ వేరేవేరేగా గీయాల. మీ పాత పెట్టె మోయలేదు."

"నాకు కావాల్సింది విమానమే," అన్నాను.

ఎందుకో చెబుతాను. బాగేపల్లిలో తాలూకా ఆఫీసు ఎదుటి సందులో నాకొక చిన్న అంగడి ఉంది. పొలాల పహణీలకూ, కుల ప్రమాణపత్రాలకూ, పింఛన్లకూ అర్జీలు టైపు చేస్తాను, జిరాక్సు తీస్తాను, లామినేషన్ చేస్తాను. మా ఆయన ఒక కంట్రాక్టరు దగ్గర లైన్‌మన్. అప్పటికి పదకొండు నెలల కిందట బట్లహళ్ళి పక్క పొలాల్లో స్తంభం మీద పని చేస్తుండగా, ఆపి ఉంచిన కరెంటు ఉన్నట్టుండి వచ్చింది. ఆ క్షణంలో బెల్టు విప్పి పక్కకు జరుగుతున్నాడని అందరం అనుకున్నాం. షాకు కొట్టి విసిరేసింది. మెత్తగా దున్నిన టమాట మడిలో పడ్డాడు కాబట్టి బతికాడు. కుడి తొడ ఎముక విరిగింది, అరచెయ్యి కాలింది. ఎముక అతుక్కుంది, చెయ్యి మానింది. స్తంభం మాత్రం ఎక్కలేకపోయాడు.

ఎక్కాలని ప్రయత్నించాడు. బెల్టు కట్టుకొని, నాలుగడుగులు పైకి పోయి, అక్కడ ఆగి, చొక్కా అంతా తడిసిపోయి దిగి వచ్చాడు. ఒకసారి కాదు, ఐదారుసార్లు. "ఎత్తంటే భయమైతాంది," అన్నాడు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆ మాటే ఊరంతా చెప్పుకుంది.

కంట్రాక్టరు చెడ్డవాడేం కాదు. ఇంటికి వచ్చి కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి అన్నాడు: "దీపావళి లోపల వచ్చి నా కండ్ల ముందర స్తంభం ఎక్కి చూపియ్యప్పా. కాలేదంటే స్టోరులో కాపలా కూచో. నేను మాత్రం యేం జేసేది?"

కాపలా పని తక్కువదని కాదు. మా ఆయన నేల మీద ఉండే మనిషి కాదు, అదీ సంగతి. గాలివానకు ఊళ్ళు చీకటైతే ఆయన కోసం జీపు వచ్చేది. తిరిగి వచ్చేటప్పుడు ముఖం వెలిగిపోతూ వచ్చేవాడు, ఏదో ఊరికి తానే తెల్లవారించినట్టు. ఇప్పుడు నా అంగట్లో స్టూలు మీద కూర్చొని ఆధార్ కార్డులు కత్తిరిస్తున్నాడు. అర్జీలు రాయించుకోను వచ్చినవాళ్ళు "ఏమప్పా, నేల మీదికి దిగితివా?" అని పరాచికాలు ఆడేవాళ్ళు. మొదట్లో నవ్వేవాడు. తర్వాత నవ్వడం మానేశాడు, తర్వాత తల ఎత్తడం మానేశాడు. నా పక్కనే కూర్చున్న మనిషి రోజురోజుకూ కరిగిపోతున్నాడని నాకు భయం పట్టుకుంది.

చిక్కబళ్ళాపురంలో డాక్టరమ్మకు చూపిస్తే, భయాన్ని కొంచెం కొంచెంగా అలవాటు చేసుకోవాలని చెప్పింది. పెద్ద ఊళ్ళలో ఇలాంటి కళ్ళజోళ్ళు పెట్టి, కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తులు చూపిస్తారట. గుండె దడ తగ్గేదాకా కిందికి చూస్తూ ఉండాలట. ఆమె మాటవరసకు అన్నది. నేను గట్టిగా పట్టుకున్నాను. ఎత్తే కావాలంటే విమానం కంటే ఎత్తేముంది?

ఇంకొక సంగతి ఉంది. అదీ ఇక్కడే చెప్పేస్తాను, దాచి దాచి అప్పటికే నా ప్రాణం విసిగిపోయి ఉంది. ఆ రోజు కరెంటు వేసింది నా తమ్ముడు.

బట్లహళ్ళి పక్కన ఉండేది నా పుట్టిల్లే. బోరు మోటార్లకు త్రీ ఫేజు కరెంటు రోజుకు కొన్ని గంటలే వస్తుంది. ఆ గంటల్లో మోటారు ఆడకపోతే, రైతు చేసే మొదటి పని ట్రాన్స్‌ఫార్మరు దగ్గరికి పోయి చూడడం. కరెంటు ఆపే హ్యాండిల్ కిందికి దించి ఉంటే పైకి తోసేస్తారు. తాళం ఉండాల్సిన చోట ఇనుప తీగ చుట్టి ఉంటుంది, దాన్ని విప్పడం బడి పిల్లలకూ వచ్చు. మా వైపు అది దొంగతనం కాదు, అలవాటు. మా నాన్న చేశాడు, మా పెదనాన్న చేశాడు. తమ్ముడికి టమాట నారు వాడిపోతోంది. పోయి పైకి తోసేశాడు. మూడు మళ్ళ అవతల స్తంభం మీద బావ ఉన్నాడని వాడికి తెలియదు.

ఆ సాయంత్రం ఆస్పత్రి వరండాలో నా కాళ్ళు పట్టుకొని ఏడ్చాడు. "నేనే ఏస్తినక్కా. బావకు చెప్పొద్దక్కా." నేను చెప్పలేదు. ఎవరు వేశారో తెలియలేదని కంట్రాక్టరు రాసుకున్నాడు. తమ్ముడు మా ఇంటి గడప తొక్కడం మానేశాడు. వాడు ఎందుకు రాలేదని మా ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. మగవాళ్ళకు ఇలాంటివి గుర్తుండవులే అనుకొని లోలోపల సంతోషపడ్డాను. అంత తెలివి నాది.

ఇక కంప్యూటరు సంగతి. అది నా కంటే ముందు చింతామణిలో ఇళ్ళ ప్లాన్లు గీసే అతని దగ్గర పనిచేసింది. అందువల్ల దానిలో ఒక గ్రాఫిక్స్ కార్డు ఉంది. దాని వంశగౌరవం అదొక్కటే. హెడ్‌సెట్ తీగ అందులో గుచ్చి, విమానం నడిపే ప్రోగ్రాం పాతది ఒకటి ఎక్కించి, మొదట నేనే పెట్టుకొని చూశాను. బెంగళూరు విమానాశ్రయం ఉన్న దేవనహళ్ళి రన్‌వే కనిపించింది. సంతోషంగా తల తిప్పాను. లోకం నా తలతో పాటు రాలేదు. కాసేపు ఆలోచించుకొని, ఒక కుదుపుతో వచ్చింది. రెండోసారి తిప్పేసరికి పొద్దున తిన్న ముద్ద గొంతులోకి వచ్చింది.

ఇంటర్నెట్‌లో ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్ళు మాట్లాడుకునే చోటు ఒకటి కనిపెట్టి, నాకు వచ్చిన ఇంగ్లీషులో అడిగాను: ఇంత పాత కంప్యూటరు వర్చువల్ రియాలిటీలో విమానం నడపగలదా? నలుగురు లేదన్నారు. కుక్క తోక పట్టుకొని గోదారి ఈదినట్టేనని వాళ్ళ భాషలో వాళ్ళు చెప్పారు. ఐదో మనిషి మాత్రం ఇలా రాశాడు: ఎగురుతుంది, అయితే చాలా వదులుకోవాలి. సెకనుకు కనీసం నలభై బొమ్మలు రాకపోతే తల తిరుగుతుంది, ఆ నలభై వచ్చేదాకా ఒక్కొక్కటే తీసేస్తూ పో.

తీసేస్తూ పోయాను. నాది పద్దెనిమిది చూపిస్తోంది. మబ్బులు తీసేశాను. నీడలు తీసేశాను. చెట్లు, రోడ్ల మీద బండ్లు, మనుషులు, ఆకాశంలో ఇతర విమానాలు, చెరువుల్లో మెరుపు, అన్నీ తీసేశాను. చింతామణికి పోయి ప్లాన్ల అతని అటక మీద పడి ఉన్న ఇంకో కంప్యూటరులోంచి మెమరీ కార్డులు పీకించుకొని వచ్చాను. పెట్టె విప్పి పదేళ్ళ దుమ్ము ఊదేశాను. ఇరవై ఆరు. ముప్పై మూడు. నలభై ఒకటి చూసిన రోజు అంగట్లో నేనొక్కదాన్నే కేక వేశాను, పింఛను అర్జీ కోసం కూర్చున్న ముసలామె భయపడి లేచి నిలబడింది. "ఏమ్మా, నా పింఛను వచ్చెనా?" అని అడిగింది.

మా ఆయన మొదట పెట్టుకున్నది ఒక మధ్యాహ్నం. తాలూకా ఆఫీసు భోజనానికి మూసే వేళ నాకు బేరాలు ఉండవు. షట్టరు సగం దించి, కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి జాయ్‌స్టిక్ ఇచ్చాను. చిన్న విమానం. దేవనహళ్ళి నుంచి లేచి, హైవే వెంబడి ఉత్తరంగా చిక్కబళ్ళాపురం మీదుగా బాగేపల్లి వైపు రావాలి. ఆయన చూసేదే నాకు కంప్యూటరు తెర మీద కనిపిస్తుంది. విమానం లేచింది. నేను తెర చూడలేదు, ఆయన కంఠం దగ్గర నరం కొట్టుకోవడం చూశాను.

"చాలు," అన్నాడు రెండు నిమిషాలకు.

మర్నాడు నాలుగు నిమిషాలు. ఆ మర్నాడు ఆరు. గుడిబండె కొండ ఎడమ పక్కన కనిపించింది, వివరాలన్నీ నేను తీసేశాను కాబట్టి ఉబ్బిన బూరెలాగా ఉంది. ఆయన తల తిప్పి చూసి, "అది గుడిబండేనా?" అని అడిగాడు. ఎన్నో వారాలకు తనంతట తాను అడిగిన మొదటి ప్రశ్న అది. నాకు ఏడుపొచ్చింది. అవునన్నాను.

నాలుగో రోజు మధ్యలో కరెంటు పోయింది. నా యూపీఎస్ ఆ సమయానికే చేతులెత్తేసింది. కళ్ళజోడు లోపల చిమ్మచీకటి అయి ఉంటుంది. ఆయన కదలకుండా కూర్చున్నాడు, "పోయిందే," అన్నాడు మామూలుగా. పది నిమిషాలకు కరెంటు తిరిగి వచ్చింది. ఫ్యాను, జిరాక్సు మిషను, ప్రింటరు అన్నీ ఒక్కసారిగా గుర్రుమన్నాయి. ఆయన కుర్చీలోంచి ఎగిరి గోడకు కొట్టుకున్నాడు. కళ్ళజోడు పీకేసి, కాలిన అరచెయ్యి చంకలో దాచుకొని, తలుపు దాకా పోయి బయటికి చూశాడు. చీకట్లో భయపడ్డాడని నేననుకున్నాను. పోయినప్పుడు ఊరికే ఉన్న మనిషి వచ్చినప్పుడు ఎందుకు అదిరాడని నా బుర్రకు తట్టలేదు.

ఆ తర్వాత ఆయుధపూజ వచ్చింది. మా వైపు ఆ రోజు ఇనుమనేది కనిపిస్తే బొట్టు పెట్టకుండా వదలరు. మా అత్త పొద్దున్నే అంగడికి వచ్చి కంప్యూటరుకు, ప్రింటరుకు, కత్తెరకు, స్టేప్లరుకు, మా ఆయన కటింగ్ ప్లేయరుకు, బెల్టుకు గంధం పూసి కుంకుమ పెట్టింది. బూడిద గుమ్మడికాయ కొట్టాం. నేను తర్వాత కుంకుమ తుడిచి, పువ్వులు తీసేసి, అంతా శుభ్రం చేశాననుకున్నాను.

మర్నాడు ఆయన కళ్ళజోడు పెట్టుకున్న నిమిషానికి విమానం ఉన్నచోటనే ఊగడం మొదలుపెట్టింది. నేల పక్కకు ఒరిగింది. తల కదపకున్నా లోకం జరిగింది, మళ్ళీ వెనక్కి ఎగిరి వచ్చింది. నేను ఆపే లోపలే ఆయన వంగి జిరాక్సు కాగితాల కట్ట మీద వాంతి చేసుకున్నాడు.

నోరు కడుక్కొని వచ్చి అన్నాడు: "ఇడిసిపెట్టు మే. నీ కంప్యూటరుకూ వయసైపాయ, నాకూ అయిపాయ. నేను కాపలాకే పోతా."

దీపావళికి ఇరవై రోజులే ఉంది. నాకు పట్టలేనంత కోపం వచ్చింది. ఆయన మీద కాదు, ఆ పెట్టె మీద. నలభై ఒకటి ఇచ్చి వెనక్కి తీసుకుంటావా అని దానితో పోట్లాడాను. మళ్ళీ విప్పాను, కార్డు పీకి గుచ్చాను, ప్రోగ్రాములన్నీ తీసి మళ్ళీ ఎక్కించాను. విచిత్రమేమిటంటే లెక్క ఇప్పటికీ నలభై ఒకటే చూపిస్తోంది. అయినా లోకం ఊగుతోంది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని నాలుగు రోజులు కంప్యూటరునే తిట్టుకుంటూ గడిపాను. అర్జీలకు వచ్చినవాళ్ళ మీద అరిచాను. ఒక ముసలాయన పేరు తప్పు కొట్టి పంపించి, ఆయన మళ్ళీ వస్తే ఆయన మీదే విసుక్కున్నాను. ఆ పాపం ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది.

ఐదో రోజు పొద్దున హెడ్‌సెట్‌ను మడిచి పెట్టెలో పెట్టేద్దామని గుమ్మం దగ్గరికి తెచ్చాను. ఎండ దాని ముఖం మీద పడింది. ముందు వైపు దానికి రెండు చిన్న కెమెరాలు ఉంటాయి, గోళీల్లాగా నల్లగా. వాటితోనే అది గదిని చూసి, తల ఎటు తిరిగిందో తెలుసుకుంటుంది. ఆ రెండింటి మీదా తెల్లగా, ఎండిన పొర.

మా అత్తను పిలిచి చూపించాను.

"పెడితినమ్మా," అంది ఆమె నిదానంగా. "నుదురు యాడుండాదో తెలియలే దానికి. రెండు కండ్లు కనపడె. కండ్లకు కొంచెం గంధం పూస్తి, సల్లగుంటాదని."

కుంకుమ తుడిచిన నేను గంధం తుడవలేదు. నాలుగు రోజులు ఒక గుడ్డిదాన్ని పట్టుకొని దారి చూపించమని కొట్టానన్నమాట. ఆమెను తిట్టాలో నవ్వాలో తెలియక రెండూ చేశాను. తడిగుడ్డతో తుడిచి, నేను పెట్టుకొని చూస్తే లోకం కదలకుండా నిలబడింది.

ఆ మధ్యాహ్నం బతిమాలి మళ్ళీ కూర్చోబెట్టాను. "ఇదొక్కసారే," అన్నాడు. విమానం లేచింది. ఐదు నిమిషాలు, పది, పదిహేను. చాలు అనలేదు. కంఠం దగ్గర నరం చూశాను, నిదానంగా కొట్టుకుంటోంది. చేతులు ఒళ్ళో వదులుగా ఉన్నాయి. చేళూరు దాటాడు. నేను చెప్పకుండానే ముక్కు తిప్పి బట్లహళ్ళి వైపు పోయాడు. నేలకు మూడు వేల అడుగుల పైన. మా పొలాలు ఉండాల్సిన చోట పచ్చగా, బూడిదరంగుగా నేల పరుచుకొని ఉంది. ఆయన తల పూర్తిగా వంచి, కిందికి, సూటిగా చూశాడు. చూస్తూనే ఉన్నాడు.

నా సంతోషానికి అంతు లేదు. "భయం పాయె గదా! అంత ఎత్తులో నుంచి చూస్తాండావు, దడ కూడా లేదు!" అన్నాను.

"ఎందుకు భయం?" అన్నాడు, కళ్ళజోడు తీయకుండానే. "కింద ఎవురూ లేరు గదా."

నాకు అర్థం కాలేదు.

"చూడు. ఒక్క మనిషి లేడు. ట్రాన్స్‌ఫార్మరు కాడికి నడిచి పోయేవాడు లేడు. ఇంత ఎత్తు కాదు, ఇంకా పైకి పొమ్మన్నా పోతా."

జిరాక్సు మిషను అంచు పట్టుకున్నాను.

"ఎవురు నడిచి పోతారు?" అన్నాను. నా గొంతు నాకే దొంగ గొంతులా వినిపించింది.

తెర మీద విమానం తన పాటికి తాను పోతూనే ఉంది. తర్వాత చెప్పాడు. ఆ ముఖం మీద కళ్ళజోడు లేకపోతే చెప్పేవాడు కాదేమో. "పైనుంచి అంతా కనపడ్తాది మే. మీ తమ్ముడు మడి గట్టు మీద నడిచి పోతాండేది చూస్తి. టవలు తలకు చుట్టుకోనుండె. యాడికి పోతాండాడో నాకు తెలిసిపాయె. కేక పెడ్తి. పక్క తోటలో ట్రాక్టరు సద్దు, వానికి వినపడలే. దిగేదానికి బెల్టు ఇప్పితి. వాడు తీగ ఇప్పేది చూస్తి. అంతే."

"మరి ఎత్తంటే భయమంటివి గదా!"

"ఎత్తంటే భయమంటే నన్ను చూసి నవ్వుతారు, అంతే గదా. కరెంటంటే భయమంటే, ఆ కరెంటు ఎవురు ఏసిరని అడుగుతారు. అడిగితే నేనేం చెప్పాల? నీకు తెలిస్తే నువ్వు ఆ ఇంటికి మళ్ళా పోతావా?"

నాకు తెలియదని చెప్పి ఉండవచ్చు. ఆయన కళ్ళకు ఇంకా కళ్ళజోడు ఉంది, నా ముఖం కనిపించదు. ఆ క్షణంలో ఆ బుద్ధి నాకు పుట్టిందని ఒప్పుకుంటాను. "నాకు తెలుసు," అన్నాను. "ఆ పొద్దే చెప్పినాడు. నీకు చెప్పొద్దని ఏడ్చినాడు."

ఆయన కళ్ళజోడు తీశాడు. ముక్కు మీద ఎర్రటి గుర్తు పడింది. నా వైపు చూసి, మెల్లగా, "నాకొక్కనికే తెలుసనుకొంటి," అన్నాడు.

పదకొండు నెలలు ఒకే మంచం మీద పడుకొని, ఒకే మాటను ఇద్దరం చెరో పక్కన దాచుకున్నాం. సిగ్గుతో నేను తల ఎత్తలేకపోయాను. ఊరి నవ్వులన్నీ ఆయన మోసింది నా పుట్టింటి గడప నాకు తెరిచి ఉంచడానికి. నేను దాచింది నా తమ్ముణ్ణి కాపాడుకోవడానికి. రెండూ ఒకటి కాదు.

"ఇప్పుడైనా ఎక్కు," అన్నాను ఏడుస్తూ.

"ఎట్ల ఎక్కేది? నాలుగడుగులు ఎక్కితే, కింద నడిచే ప్రతివాడూ స్విచ్చు కాడికే పోతాండట్ల కనపడ్తాడు. మనుషుల్ని తీసేసేదానికి అది నీ కంప్యూటరా?"

ఆ రాత్రి కంట్రాక్టరు ఫోను చేసి, మూడో రోజు బట్లహళ్ళి లైను మీదే పని ఉంది, వచ్చి ఎక్కి చూపియ్యమన్నాడు; మా ఆయన కాదనలేకపోయాడు. మర్నాడు పొద్దున చేళూరు మీదుగా పోయే చింతామణి బస్సెక్కి పుట్టింటికి పోయాను. తమ్ముడు టమాటకు కట్టెలు నాటుతున్నాడు. నన్ను చూసి నవ్వబోయాడు. "బావ చూసినాడంట రా. ఆ పొద్దు నువ్వు నడిచి పోయేది, తీగ ఇప్పేది, అంతా," అన్నాను. వాడు చేతిలో కట్టె పట్టుకొని అలాగే కూలబడ్డాడు.

జాలి పడకూడదనుకొని పోయాను, జాలి పడలేదు. "ఎల్లుండి ఈడనే, ఇదే లైను మీద ఎక్కి చూపియ్యాల ఆయన. నువ్వొచ్చి ఆ హ్యాండిల్ కాడ నిలబడాల. ఎవుర్నీ రానియ్యకూడదు."

"నా చేత కాదక్కా. బావ మొగం ఎట్ల చూసేది?"

"ఆయన నీ మొగం చూడకుండానే ఇన్ని నెల్లు నిన్ను మోసినాడు. నువ్వు ఒక గంట నిలబడలేవా?"

వస్తానని అనలేదు, రానని అనలేదు. నేను తిరుగు బస్సెక్కాను. తమ్ముణ్ణి రమ్మన్నానని మా ఆయనకు చెప్పలేదు. చెబితే అసలు బయలుదేరడని భయం. ఆయన దగ్గర ఇక ఏదీ దాచనని మనసులో ఒట్టు పెట్టుకున్న రెండో రోజే మళ్ళీ దాచాను.

అనుకున్న రోజు పదకొండు గంటలకు కంట్రాక్టరు జీపు గట్టు పక్కన ఆగింది. సబ్‌స్టేషనుకు ఫోను చేశారు. హ్యాండిల్ దించారు, ఇనుప తీగ చుట్టారు. ఆయన పడిన రోజు జీపులో ఇంకో చోటికి పోయిన ఎర్తింగ్ రాడ్డును, కరెంటును నేలలోకి దింపేసేదాన్ని, ఈసారి నేనే అడిగి మరీ తగిలించేదాకా ఊరుకోలేదు. ఇక కరెంటు వచ్చినా మనిషికి ఏమీ కాదని కంట్రాక్టరు చెప్పాడు. అది మా ఆయనకూ తెలుసు. భయానికి మాత్రం తెలియదు.

తమ్ముడు రాలేదు. వాళ్ళ గుడిసె వైపు చూసి చూసి నా మెడ నొప్పి పుట్టింది. నేనే పోయి నిలబడదామని రెండడుగులు వేశాను. అప్పటికే ఆయన బెల్టు కట్టుకొని ఎక్కడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగో అడుగు మీద ఆగాడు. వీపు మీద చొక్కా తడి నాకు కింది నుంచి కనిపిస్తోంది. కంట్రాక్టరు గొంతు సవరించుకున్నాడు.

సరిగ్గా అప్పుడే తమ్ముడు మడి గట్టు మీద కనిపించాడు. తలకు టవలు చుట్టుకొని, వంచిన తల ఎత్తకుండా, సూటిగా ట్రాన్స్‌ఫార్మరు వైపు నడుస్తున్నాడు. ఆ రోజు ఎలా నడిచాడో అలాగే నడుస్తున్నాడని పైనున్న మనిషి ముఖం చూసి నాకు తెలిసింది. నేనెంత పిచ్చిపని చేశానో అప్పుడు అర్థమైంది. "నేనే రమ్మంటి! నేనే పిలిస్తి!" అని అరిచాను. ఆయనకు వినిపించిందో లేదో తెలియదు.

తమ్ముడు హ్యాండిల్ దగ్గరికి పోయాడు. స్తంభం వైపు తిరగలేదు. రెండు చేతులతో ఆ ఇనుప కడ్డీని పట్టుకొని, ఒళ్ళంతా దాని మీద వేలాడేసి, పొలాల వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. అటుగా వచ్చిన ఒక రైతు ఏదో అడిగాడు. వాడు తల అడ్డంగా ఊపాడు. రైతు గట్టిగా అడిగాడు. వాడు కదల్లేదు.

మా ఆయన చాలాసేపు చూశాడు. ఆ తర్వాత ఐదో అడుగు వేశాడు. ఆరో అడుగు. నేను లెక్కపెట్టడం మానేశాను.

పని ముప్పావుగంట పట్టింది. దిగి వచ్చి, బెల్టు విప్పి కంట్రాక్టరు చేతికిచ్చాడు. కంట్రాక్టరు భుజం తట్టాడు. రాడ్డు తీసేశారు, సబ్‌స్టేషనుకు ఫోను చేశారు. ఇక హ్యాండిల్ పైకి తొయ్యడమే మిగిలింది. ఆయన గట్టు మీద నడిచి తమ్ముడి దగ్గరికి పోయాడు, వెనకనే నేనూ పోయాను.

వాడు కళ్ళు గట్టిగా మూసుకొని ఉన్నాడు. వేళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"అయిపాయె పని," అన్నాడు మా ఆయన. "తీగ ఇప్పి, నువ్వే ఎయ్యప్పా."

వాడు తల అడ్డంగా ఊపాడు, వద్దని. మా ఆయన అక్కడే నిలబడ్డాడు. కాసేపటికి వాడు తీగ విప్పాడు, కడ్డీ కింద భుజం పెట్టాడు, మళ్ళీ ఆగిపోయాడు.

"బావా, నువ్వు యాడుండావు?" అని అడిగాడు, కళ్ళు తెరవకుండానే.

"ఈడే ఉండాను. నీ పక్కనే."

మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ ఆయన అదే జవాబు చెప్పాడు. మూడోసారి చెబుతూ కాలిన అరచెయ్యి తీసుకుపోయి వాడి చేతి మీద పెట్టాడు. అప్పుడు వాడు పైకి తోశాడు.